నరం కొసన నిలిచిన కబురు

ఈ సంగతిని కాగితం మీద పెట్టవలసిన అవసరం రెండు కారణాల వల్ల కలిగింది. మొదటిది, మా బంధువర్గంలో ఇది ఇప్పటికే పలు రూపాలలో తిరుగుతున్నది. కొందరు మొక్కు ఫలించిందంటారు. కొందరు డాక్టర్ల గొప్పతనమంటారు. ఒకరిద్దరు అసలు పామే లేదని ఇప్పటికీ వాదిస్తారు. క్రమం తప్పిన కథనాన్ని నేను సహించలేను. రెండవది అంతకంటె ముఖ్యమైనది. మా ప్రాంతంలో తెల్లవారేసరికి రెప్పలు వాలి, నాలుక మొద్దుబారి పడివున్న మనిషిని చూస్తే అందరి నోటా ఒకే మాట వస్తుంది: కల్లు ఎక్కువైంది. ఆ మాట నా తమ్ముణ్ణి కాటి దాకా తీసుకుపోయింది. ఇంకొకరిని తీసుకుపోకూడదు.

నేను జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా ఉద్యోగం కొంత మహబూబ్‌నగర్‌లో, కొంత నల్లగొండలో సాగింది. మహబూబ్‌నగర్‌లో మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడిన వారిని ఎందరినో చూశాను. మెడ నిలవదు, మాట ముద్దగా వస్తుంది, రెప్ప సగమే లేస్తుంది. ఆ రూపం మా జిల్లాల వారికి ఎంత పరిచయమంటే, దానికి మరొక కారణం ఉండవచ్చునన్న ఆలోచనే ఎవరికీ తట్టదు.

రాష్ట్రం ఏర్పడి, జిల్లాలు విడిపోయిన తరువాతి మాట ఇది. తిరుమలగిరి వేరే జిల్లాలో చేరినా మా నోటికి ఇంకా నల్లగొండే. ఆ దగ్గరి పల్లెలో నా తమ్ముడు వ్యవసాయం చేస్తాడు. పెత్రమాసకు, అంటే పెద్దల పేరిట బియ్యం ఇచ్చే అమావాస్యకు, నేను ఒకరోజు ముందే అక్కడికి చేరుకున్నాను. మా బాపు, అంటే కాలం చేసిన మా తండ్రి పేర బియ్యం ఎవరు ఇవ్వాలన్నదానిపై ఆ సాయంత్రం మా ఇద్దరికీ చిన్న పేచీ వచ్చింది. పెద్దవాణ్ణి నేను గనుక నేనే ఇవ్వాలన్నాను. “భూమి దున్నేది నేను, బియ్యం పండిచ్చేది నేను, ఇచ్చుడు మాత్రం నువ్వా అన్నా?” అని వాడు నవ్వాడు. పేచీ తెగలేదు. వాడు ఒక సీసా కల్లు తాగి, కొత్తగా వచ్చిన పెసల బస్తాల పక్కన నేల మీద చాప పరుచుకొని పడుకున్నాడు. బస్తాలకు ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయని మా ఊరిలో తెలియనివారు లేరు. తెలిసీ పంట పక్కనే పడుకోవడం మా వాళ్ళ అలవాటు.

తెల్లవారింది. నేను ముఖం కడుక్కుంటుండగా తమ్ముని భార్య వచ్చి నిలబడింది.

“బావా, జర ఇటు రా. కడుపుల నొస్తాందని పొద్దుగాల లేసిండు. మల్ల పన్నడు. ఇప్పుడు లేపితే లేస్తలేడు.”

వెళ్ళి చూశాను. వాడు వెల్లకిల పడుకొని ఉన్నాడు. రెప్పలు సగానికి వాలి, కింది నుంచి తెల్లగుడ్డు గీతలా కనిపిస్తున్నది. ఏదో అనబోయాడు. మాట గొంతులోనే నలిగిపోయింది. గోడ అవతలి ఇంటాయన మా కలవరం విని లోపలికి వచ్చాడు. ఆయన ఆటో నడుపుతాడు. ఊరంతా భాయ్ అని పిలుస్తారు. అంతమాత్రాన ఏమైందన్నట్టు నవ్వాడు.

“సార్, నిన్న మీ తమ్ముడు నా ఆటోల పాట పాడుకుంట వచ్చిండు. పండుగ పొద్దుగాల మా ఊర్ల సగం మంది రెప్పలు గిట్లనే ఉంటయి. ఫికర్ జేయకున్రి. ఉప్పేసి, నిమ్మకాయ పిండి ఇంత చల్ల తాపున్రి. గంటల లేసి మనల్నే తిడతడు.”

“నిన్న ఒక్క సీసనే తాగిండు భాయ్,” అన్నది ఆమె.

“అందరు ఒక్కటే అంటరు, చెల్లె. నేను సుత మా ఇంట్ల గట్లనే చెప్త.”

ఆమెకు ఆ పరిస్థితిలోనూ నవ్వు వచ్చింది. కల్లు నిషాకు మజ్జిగ పట్టడం మా ఇళ్ళలో తరతరాల చికిత్స. ఆమె ముంతతో చల్ల తెచ్చి, తల ఎత్తి, పెదవుల మధ్య పోసింది. మింగుడు పడలేదు. మరుక్షణం ఆ మజ్జిగంతా ముక్కులోంచి బయటికి వచ్చింది. వాడు ఉక్కిరిబిక్కిరి అయ్యాడు, కాని దగ్గలేకపోయాడు.

తాగినవాడు కక్కుకుంటాడు. తాగినవాడు దగ్గుతాడు. మింగే కండరం పనిచేయనివానికే నీరు ముక్కులోకి ఎక్కుతుంది. వాణ్ణి పక్కకు ఒరిగించమని చెప్పి, నేను నేల మీద కూర్చుని వాని చేయి పట్టుకున్నాను.

“తమ్మీ, నా మాట వినబడుతుందా? వినబడితే నా వేలు నొక్కు.”

నొక్కాడు.

“ఇవాళ బాపుకు బియ్యం నేను ఇస్తున్న. నీకు ఒప్పుదలేనా? కాదంటే నొక్కు.”

నొక్కాడు. ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు. అయినా అది పసిపిల్ల పట్టులాగా ఉన్నది.

తాగినవాని బుద్ధి ముందు పడుకుంటుంది. వీని బుద్ధి నిన్నటి పేచీని కూడా వదలలేదు. శరీరం మాత్రం ఒక్కొక్క అంగం చొప్పున చేయి దాటిపోతున్నది. మొదట రెప్ప, తరువాత నాలుక, ఆ తరువాత గొంతు. ఈ వరుస నాకు తెలుసు. వరుసలో తరువాతిది ఊపిరి.

“పురుగు ముట్టింది,” అన్నాను. పండుగ పూట పాము పేరు పలకడానికి నాకు కూడా నోరు రాలేదు.

భాయ్ ముఖంలో నవ్వు పోయింది. ఇద్దరం కలిసి వాని కాళ్ళు, చేతులు, మెడ వెతికాము. గాటు లేదు, వాపు లేదు, రక్తం లేదు. కట్లపాము కాటు దోమ కుట్టినంత కూడా తెలియదు. నిద్రలో ఉన్నవాడు చేయి విదిలించి మళ్ళీ పడుకుంటాడు.

“సార్, మంత్రం ఏసెటాయన పక్కూర్లనే ఉంటడు. ఆడికా, దవాఖానకా?”

“దవాఖానకు. ఇప్పుడే.”

ఆటోలో వాని తల నా ఒడిలో ఉన్నది. ఇక్కడ ఒక విషయం వివరించవలసి ఉన్నది. అది లేకపోతే నా భయం పాఠకునికి అర్థం కాదు.

ఉద్యోగకాలమంతా నేను ఏటేటా నల్లబల్ల మీద గీసిన బొమ్మ ఒకటి ఉంది. నరం కొస ఉబ్బిన మొగ్గలాగా ఉంటుంది. దానికి ఎదురుగా కండరం. రెండింటి నడుమ కంటికి అందనంత సన్నని సందు. మెదడు పంపిన కబురు నరం వెంట విద్యుత్తుగా వస్తుంది, కాని ఆ సందును అలాగే దాటలేదు. అందుకని మొగ్గలో అతి చిన్న సంచులు ఉంటాయి. వాటిలో ఒక రసాయనం నిండి ఉంటుంది. కబురు కొసకు చేరగానే గోడలోని ద్వారాలు తెరుచుకొని కాల్షియం లోనికి వస్తుంది. సంచులు గోడతో కలిసిపోయి, విచ్చుకొని, రసాయనాన్ని సందులోకి వదులుతాయి. అది అవతలికి చేరగానే కండరం ముడుచుకుంటుంది. కాల్షియం వచ్చిన తరువాత సంచి విచ్చుకోవడానికి పట్టే కాలం సెకనులో వెయ్యోవంతు కంటె తక్కువ.

అంత వేగం ఎలా సాధ్యమని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడిగేవారు. కబురు వచ్చాక సంచులు బయలుదేరవు అని చెప్పేవాణ్ణి. కొన్ని సంచులు ముందుగానే గోడను ఆనుకొని ఉంటాయి. సంచి మీది ప్రోటీను పోగు, గోడ మీది పోగు ఒకదానితో ఒకటి సగం దాకా మెలిపడి ఉంటాయి, రైతు తాడు పేనుతూ సగంలో ఆపి పట్టుకున్నట్టు. ఇంకొక ప్రోటీను ఆ మెలికను గడియలాగా ఆపి ఉంచుతుంది. కాల్షియం తాకితే గడియ వదులుతుంది, మిగిలిన మెలిక దానంతట అదే బిగుసుకుంటుంది. వేగమంతా ముందుగా చేసి ఉంచుకున్న సిద్ధపాటులోనే ఉన్నది. ఈ పాఠం నాకు అన్నిటికంటె ఇష్టమైనది. ప్రకృతి ఇంత క్రమశిక్షణ పాటిస్తుంటే మీరు సమయానికి తరగతికి రాలేరా అని విద్యార్థులను మందలించేవాణ్ణి.

కట్లపాము విషం వచ్చి చేరేది సరిగ్గా ఆ మొగ్గ దగ్గరికే. కండరాన్ని అది ముట్టదు. మెదడును ముట్టదు. సంచులను ఖాళీ చేయిస్తుంది, మళ్ళీ నిండనివ్వదు, చివరికి కొసనే పాడుచేస్తుంది. మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది. కబురు కొస దాకా వస్తూనే ఉంటుంది. అక్కడ అందుకునేవారు ఉండరు. పాము విషానికి ఇచ్చే మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టగలదు, కాని కొసలోకి దూరిన దానిని బయటికి లాగలేదు. పాడైన కొసలు తిరిగి మొలిచే దాకా మనిషికి ఇంకెవరో ఊపిరి పోయాలి.

ఇదంతా తెలిసి, వాని ఛాతీ వంక చూస్తూ కూర్చున్నాను. తెలియనివారికి ఆశ ఉంటుంది. తమ్ముని భార్య ఎదుటి సీటులో కూర్చుని, “చల్ల తాగకపాయె గని, నీడ పట్టున పంటే తగ్గునేమో బావా,” అంటున్నది. ఛాతీ లేచే ఎత్తు తగ్గుతున్నది. ఇప్పుడు వాని ఊపిరిని నడిపే నరం కొసలలో ఎన్ని సంచులు మిగిలి ఉంటాయి అన్న ఆలోచన నన్ను విడువలేదు.

మండలం దవాఖానలో ఒక యువ డాక్టరమ్మ ఉన్నది. “కాటు గుర్తు ఏది?” అని అడిగింది. లేదన్నాను. “పామును చూశారా?” లేదన్నాను. కల్లు తాగాడా అని అడిగితే నిజమే చెప్పాను. ఆమె వాని రెప్పలు ఎత్తి, పైకి చూడమన్నది. గుడ్లు కదలలేదు. చేయి పట్టి నొక్కమన్నది. వేలు కొద్దిగా కదిలింది. ఆమె ఇంకేమీ అడగలేదు. మందు ఎక్కించడం మొదలుపెట్టి, అంబులెన్సుకు ఫోను చేయించింది. అది వచ్చేలోపలే వాని పెదవులు నీలంగా మారాయి. గొంతులోకి గొట్టం వేసి, దానికి రబ్బరు సంచి తగిలించింది. సంచి పిసికితే ఛాతీ లేస్తుంది. వదిలితే పడుతుంది. వాని సొంత ఊపిరి అంతటితో ఆగిపోయింది.

అంబులెన్సులో వెనుక ఒక్క సహాయకుడే ఉన్నాడు. కొంత దూరం పోయిన తరువాత అతని చేతులు తిమ్మిరెక్కాయి.

“పెద్దాయనా, జర మీరు పట్టున్రి. నేను మందు సీస మార్చాలె. నేను ఎట్ల నొక్కిన్నో గట్లనే. తొందర వద్దు, ఆగుడు వద్దు.”

పట్టుకున్నాను. నేను ఊపిరి తీసుకున్నప్పుడు వానికి ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. కాని భయంతో నా ఊపిరే గతి తప్పుతున్నది. దానిని కొలతగా తీసుకుంటే వాడు కూడా గతి తప్పుతాడు. నార్కట్‌పల్లి కూడలిలో లారీలు అడ్డం తిరిగి నిలిచాయి. సైరన్ మోగుతున్నా దారి దొరకలేదు. కిటికీలోంచి చూస్తే చాయ్ బండ్ల దగ్గర మనుషులు నింపాదిగా నిలబడి మా వంక చూస్తున్నారు. నా అరచేతిలో ఉన్నది నా తమ్ముని ప్రాణమన్న సంగతి వారికి తెలియదు. చేయి జారితే, తుమ్ము వస్తే, రెప్పపాటు మతి తప్పితే ఏమవుతుందో అన్న భయం తప్ప ఆ కూడలిలో నాకు ఏ ఆలోచనా లేదు. సహాయకుడు సంచిని తిరిగి తీసుకున్నప్పుడు నా వేళ్ళు తెరుచుకోలేదు. అతడే ఒక్కొక్కటిగా విప్పాడు.

పెద్ద దవాఖానలో వాణ్ణి ఊపిరి యంత్రానికి తగిలించారు. అక్కడి డాక్టరు మాట తక్కువ మనిషి. “మందు ఇచ్చాము. ఇక కాలమే పని చేయాలి,” అని మాత్రం చెప్పాడు. మరునాటికి వాని వేలు కూడా ఆగిపోయింది. రెప్పలు ఎత్తి చూస్తే కంటిపాపలు పెద్దవై, దీపం వేసినా ముడుచుకోలేదు. గిల్లినా చలనం లేదు.

అప్పుడు మా మేనమామ వచ్చాడు. మా అమ్మ తమ్ముడు. ఊరిలో పెద్దమనిషి. చావు పుట్టుకల విషయంలో ఆయన మాటకు ఎదురుండదు. మంచం దగ్గరికి వెళ్ళి చూసి, బయటికి వచ్చి తలపాగా తీసి కూర్చున్నాడు.

“నేను శానా మందిని జూసిన. కండ్లల్ల జీవం లేదు. పానం ఎన్నడో పోయింది. మిషన్ ఊదుతాంది, ఛాతి లేస్తాంది, గంతే. సైకిల్ ట్యూబుకు గాలి కొడితే ఉబ్బదా?”

“మామా, విషానికి కంటిపాప కూడా పడిపోతుంది. అది చావు గుర్తు కాదు,” అన్నాను.

“ఏ విషం రా? పామును జూసినోడున్నడా? గాటు ఉన్నదా? నువ్వు పుస్తకం జూసి చెప్తున్నవు. నేను మనిషిని జూసి చెప్తున్న.” తమ్ముని భార్య వైపు తిరిగాడు. “బిడ్డా, అమాస దాటింది. వాణ్ని గిట్ల గొట్టాలల్ల ఏలాడదియ్యకు. సంతకం పెట్టు, ఇంటికి కొంచవోదాం. వాని జాగల వాణ్ని పండవెడదాం.”

ఆమె నా దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. ఏడుపు కంటె కఠినమైన ముఖంతో అడిగింది.

“బావా, నువ్వు సదువుకున్నోనివి. నాకు అబద్ధం చెప్పకు. మనిషి లోపల ఉన్నడా?”

ఆ ప్రశ్నకు నాకు తెలిసిన శాస్త్రంలో సమాధానం ఉన్నది, కాని హామీ లేదు. గొట్టం వేయకముందు ఊపిరి ఆగిన వ్యవధిలో మెదడు దెబ్బతిన్నదో లేదో నేనెట్లా చెప్పగలను? ఉన్నాడంటే, లేనివాని కోసం ఆమెను ఆ వరండాలో కూర్చోబెట్టినవాణ్ణి కావచ్చు. లేడంటే, బతికివున్న మనిషిని, అన్నీ వింటున్న మనిషిని, ఊపిరాడకుండా చేసి ఇంటికి మోసుకుపోయినవాళ్ళమవుతాము. “ఉన్నాడు. తలుపులు మూసుకున్నయి, అంతే,” అన్నాను.

మేనమామ ఒప్పుకోలేదు. చివరిసారి చూసుకుంటానని మమ్మల్ని కూడా లోపలికి తీసుకుపోయాడు. మంచం పక్కన నిలబడి, ఆయన సహజమైన పెద్ద గొంతుతో, “ఇగ చాలు బిడ్డా. మిషన్ తీపిచ్చి ఇంటికి కొంచవోదాం,” అన్నాడు.

నా కళ్ళు గుండె కొట్టుకోవడాన్ని చూపే తెర మీద ఉన్నాయి. ఎందుకున్నాయో చెప్పలేను. బహుశా వాని ముఖం చూడలేక కావచ్చు. ఆ మాట ముగిసిందో లేదో, అంతవరకు సమంగా నడుస్తున్న గీత దగ్గర దగ్గరగా ఎగరసాగింది. అంకె పెరిగింది, ఇంకా పెరిగింది. కొంతసేపటికి మెల్లగా దిగింది.

“మామా,” అన్నాను, “ఆ మాట మళ్ళీ అను.”

“ఏ మాట?”

“మిషన్ తీపిస్తానన్న మాట. వాని చెవి దగ్గర అను.”

ఆయనకు అర్థం కాలేదు, కాని నా ముఖం చూసి వంగి అన్నాడు. అంకె మళ్ళీ లేచింది. నర్సు కూడా దగ్గరికి వచ్చి చూసింది. మూడవసారి అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది. అడిగే అవసరమూ లేదు. మేనమామ మంచం దగ్గరినుంచి వెనక్కి జరిగాడు. తమ్ముని భార్య వాని చెవిలో నోరు పెట్టి, “ఎవ్వలు తియ్యరు. నేనిక్కన్నే ఉన్న. ఎవ్వల్ని తియ్యనియ్య,” అన్నది. ఎన్నిసార్లు అన్నదో లెక్క లేదు. గీత తిరిగి సమంగా నడిచేదాకా అంటూనే ఉన్నది.

డాక్టరుకు చెప్పాను. ఆయన సంతోషపడలేదు, ఆశ్చర్యపోనూ లేదు. నొప్పి, భయం తెలియకుండా నిద్రమందు సరిచేస్తామని, మంచం దగ్గర ఎవరూ అలాంటి మాటలు మాట్లాడరాదని గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి మేనమామ వరండాలోనే కూర్చున్నాడు, లోపలికి రాలేదు.

కొసలు మొలిచాయి. మొదట నుదుటి మీద ఒక ముడత కనిపించింది. తరువాత కాలి బొటనవేలు కదిలింది. రెప్ప అన్నిటికంటె ఆలస్యంగా లేచింది. యంత్రం తీసిన తరువాత కూడా గొంతు సరిగా రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చిన తరువాత వాడు నాతో అన్న మొదటి పెద్ద మాట ఇది.

“అన్నా, నాకు అన్నీ ఇనవడ్డయి. బయట మామ సైకిల్ ట్యూబు అన్నది సుత. తలుపు తెరిసే ఉండె. నవ్వుదామనుకున్న. మూతి కదలకపాయె. గప్పుడు భయమైంది.”

మేనమామను అడిగితే ఆ ట్యూబు మాట తాను అనలేదంటాడు. తమ్ముడు అంటాడు, అన్నాడని. మేమెవరమూ వాదించము. కాని వాడు ఇప్పటికీ వెలుగు ఉన్నచోటే పడుకుంటాడు. ఎవరైనా పక్కన నిలబడి మెల్లగా మాట్లాడుకుంటే కళ్ళు తెరిచి, “నేను మెలకువగనే ఉన్న,” అంటాడు. మామూలుగా నిద్రపోయినప్పుడు కూడా వాని భార్య లేచి ముక్కు దగ్గర చేయి పెట్టి చూస్తుంది. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తెల్లవారి వాడు లేచి మాట్లాడేదాకా చాయ్ ముట్టలేను. ఆ పాము దొరకలేదు. బస్తాలు తీశారు, గోడ సందులు పూడ్చారు, కాని దొరకలేదు. ఆ ఇంట్లో నేల మీద ఎవరూ పడుకోరు.

ఇక నా మనవి. నరం కొస గురించి నేను రాసింది నేను చదివిన కాలపు విద్య. శాస్త్రం ముందుకు పోయి ఉంటుంది, నా మాటలలో తప్పు దొర్లి ఉంటుంది. వైద్యులు, ఈ విషయం బోధిస్తున్నవారు దానిని దిద్దాలి. భయంలో ఉన్నవాని జ్ఞాపకం వరుసను తారుమారు చేస్తుంది. ఆ రోజు ఆటోలో, ఆ వరండాలో ఉన్నవారు నేను ముందు చెప్పినది వెనుకగా, వెనుక చెప్పినది ముందుగా జరిగి ఉంటే సవరించాలి. ఆ తెర మీది అంకె పెరగడానికి మరొక కారణం ఉండవచ్చునని తెలిసినవారు ఉంటే, అది కూడా నాకు చెప్పాలి. వినడానికి నేను సిద్ధంగా ఉన్నాను, భయపడుతూనే.